పనిచేసి చెడిన యంత్రం

నిప్పుల మీద పంది తోలు ముడుచుకుంటూ చిటపటమంటోంది. ఛైర్మన్ ప్యో దోక్‌మాన్ దాన్ని కత్తెరతో ముక్కలు చేసి, అన్నిట్లోకీ పెద్ద ముక్కని వేయించిన సోయా పిండిలో దొర్లించి తక్ ఇన్‌సుక్ పళ్ళెంలో పడేశాడు.

"తినండి డాక్టరమ్మా, మొహమాటపడకండి. ఇదంతా కొలాజెనే. ఇవాళ తింటే రేపు పొద్దున్నకల్లా మొహానికి వచ్చేస్తుంది."

"పొట్టలోంచి మొహానికి ఏ దారిన వస్తుందండీ?" అంది ఇన్‌సుక్.

బల్ల చుట్టూ ఉన్న ఉద్యోగులు ఛైర్మన్ నవ్వుతాడా లేదా అని ఒక్క క్షణం చూశారు. ఆయన నవ్వాడు. దాంతో అందరూ నవ్వారు.

"చూశారా, పెద్ద చదువంటే ఇదీ! నోట్లో ముద్ద పెట్టినా ప్రశ్నే!" అంటూ ఆమె గ్లాసులో సోజు సారా పోశాడు. ఇన్‌సుక్ పెద్దల ముందు తాగే పద్ధతిలో పక్కకి తిరిగి ఒక్క గుక్కలో తాగి గ్లాసు కింద పెట్టింది. పంది తోలు ముట్టుకోలేదు.

ముట్టుకోకపోవడానికి కారణం ఉంది. ఆమె యవ్వనమంతా పంది తోలుతోనే గడిచింది. దేజాన్‌లో పరిశోధన చేసే రోజుల్లో సియోల్‌కి రైలెక్కి వచ్చి, మాజాంగ్ మాంసం బజారులో అప్పుడే కోసిన పంది తోలు కొనుక్కుని, మంచు డబ్బాలో పెట్టుకుని తిరిగి వెళ్ళేది. కొవ్వు గీకి, గాజు గిన్నె మూతిమీద డోలు చర్మంలా బిగించి, పైన మందు పోసి, చెవికి అందని సన్నటి ధ్వనిని దాని మీదకి వదిలేది. ఒంటి మీద పైపొర ఒక గోడ. చచ్చిన కణాలు ఇటుకలు, మధ్యలో కొవ్వు సున్నం. చాలా మందుల్ని ఆ గోడ లోపలికి రానివ్వదు. కానీ సరైన ధ్వని తగిలితే పైనున్న తడిలో కంటికి కనపడని బుడగలు పుట్టి, ఉబ్బి, పగులుతాయి. ఆ పగిలే దెబ్బకి గోడలో సందులు పడతాయి. సందుల్లోంచి మందు దిగుతుంది. కొంతసేపటికి గోడ తనంతట తనే పూడుకుంటుంది. పొద్దున్నే పొట్టలో సూది పొడుచుకునే మధుమేహ రోగులు ఇక ఆ సూదిని చెత్తబుట్టలో పడేస్తారని ఆ రోజుల్లో ఇన్‌సుక్ నమ్మింది. ఆమె ప్రొఫెసర్ కూడా నమ్మాడు, నిధులు ఆగిపోయేదాకా. ఆ తర్వాత ఆయన బ్యాటరీల మీద పరిశోధన మొదలుపెట్టి, ఆమె యంత్రాన్ని మెట్లకింద గదిలోకి తోయించాడు. ఆ రోజు నుంచీ ప్రొఫెసర్లు అనే జాతి మీద ఇన్‌సుక్‌కి గౌరవం పోయింది.

తక్కిన జాతుల మీద గౌరవం ఈ కంపెనీకి వచ్చాక పోయింది.

కంపెనీ అమ్మేది ఓక్‌గ్యోల్ అనే యంత్రం. పచ్చరాయి రంగులో, కోడిగుడ్డు ఆకారంలో, అరచేతిలో ఇమిడిపోతుంది. మొహానికి జిగురులాంటి జెల్ రాసుకుని దాన్ని మెల్లగా తిప్పుకుంటే 'సెకనుకి ముప్పై లక్షల ప్రకంపనలు' జిగురులోని సారాన్ని చర్మం లోతుల్లోకి తీసుకుపోతాయని డబ్బా మీద రాసి ఉంటుంది. ముప్పై లక్షల మాట నిజమే. పనికిరానిదీ ఆ నిజమే. అంత వేగంగా కంపిస్తే బుడగకి పెరిగే తీరిక ఉండదు. బుడగ లేకపోతే గోడ కదలదు. కాస్త వెచ్చగా, కాస్త చక్కిలిగింతగా ఉంటుంది, అంతే. ఇన్‌సుక్ చేరిన మొదటి రోజే ఈ సంగతి కనిపెట్టింది. ఛైర్మన్‌కి చెబితే ఆయన తలూపి, "తెల్లకోటు మీ కొలతకి కుట్టించమన్నాను, రేపు ఫొటో తీయించుకోండి" అన్నాడు.

అలా ఆమె డబ్బా మీదికెక్కింది. 'పరిశోధన విభాగం డైరెక్టర్, డాక్టర్ తక్ ఇన్‌సుక్'. ఆ విభాగమంటే ఒక గది, ఒక చేతులు కడుక్కునే తొట్టి, కిటికీలోంచి కనిపించే పక్క భవనం గోడ.

ఆ గదిలో కూర్చుని ఆమె అందరినీ తీసిపారేయడం నేర్చుకుంది. ఒకప్పుడు కాళ్ళు పిసికే కుర్చీలూ, అంతకుముందు నడుం తగ్గించే బెల్టులూ అమ్మిన ఛైర్మన్ ఆమెకి సంత దళారి. 'వారంలో ముడతలు మాయం, మా ఆయన గుర్తుపట్టలేదు' అని రాసే కొనుగోలుదారులు గొర్రెలు. టీవీ అమ్మకాల కార్యక్రమంలో ఆ గుడ్డుని పట్టుకుని "అబ్బబ్బ, లోపలికి దిగుతుంటే తెలుస్తోందండీ!" అంటూ కళ్ళు మూసుకునే సోల్ బోమి అయితే ఆ గొర్రెల మందకి ముందు నడిచే, గంట కట్టిన పొట్టేలు. ఈ పేర్లు ఇన్‌సుక్ ఎవరితోనూ అనలేదు. అనక్కర్లేదు కూడా, ఆమె పెదవి విరుపులోనే తెలిసిపోయేవి.

ఆ ఏడు వసంతంలో పోటీ కంపెనీ ఒకటి టీవీలో పేరెత్తకుండానే 'కొందరు వేడి గుడ్లు అమ్ముతున్నారు' అని ఎకసెక్కెమాడింది. ఛైర్మన్‌కి అది ముల్లులా గుచ్చుకుంది. ఆమె గదికి వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూలబడ్డాడు.

"కొత్త మోడల్ తేవాలి డాక్టరమ్మా. వేడి గుడ్డంట, వేడి గుడ్డు!"

"ఏం మార్చాలనుకుంటున్నారు?"

"రంగు. ఈసారి ముత్యం రంగు."

"లోపల?"

"లోపలా?" ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టనట్టు చూశాడాయన. "లోపల మీ ఇష్టం. బరువు మాత్రం పెరక్కూడదు, ఆడవాళ్ళ చెయ్యి నొప్పెడుతుంది."

ఆయన వెళ్ళాక ఇన్‌సుక్ చాలాసేపు ఆ గుడ్డుని చేతిలో తిప్పుతూ కూర్చుంది. వచ్చిన ఆలోచనకి ఆమెకే నవ్వొచ్చింది. వీళ్ళు అబద్ధం అమ్ముతున్నామనుకుంటూ ఉంటారు, కొనేవాళ్ళు కలని కొంటున్నామనుకుంటూ ఉంటారు, మధ్యలో ఎవరికీ చెప్పకుండా డబ్బాలో నిజం పెట్టేస్తే? జాలితోనో జనం బాగు కోసమో ఆమెకి ఆ ఆలోచన రాలేదు. ఇంతమంది మూర్ఖుల మధ్య ఒక్క పనిచేసే వస్తువు ఉండాలి, అది తన చేత్తో చేసింది కావాలి. కావలసింది అంతే.

వేసవంతా పనిచేసింది. కంపించే తలని మార్చి, ధ్వనిని బాగా కిందికి దింపింది. చెవికి ఇంచుమించు వినపడేంత కిందికి. కొత్త గుడ్డు పనిచేస్తున్నప్పుడు దోమ ఈలలాంటి సన్నటి చప్పుడు వచ్చేది. మళ్ళీ మాజాంగ్ బజారుకి వెళ్ళి పంది తోలు తెచ్చింది. నీలం రంగు పూసి పాత గుడ్డు తిప్పింది, తుడిస్తే రంగు పోయింది. కొత్త గుడ్డు తిప్పింది, ఎంత తుడిచినా పోలేదు. కోసి చూస్తే నీలం లోపలిదాకా దిగి ఉంది. ఆ తర్వాత తన ముంజేతి మీద తిమ్మిరి మందు రాసుకుని, గుడ్డు తిప్పి చూసుకుంది. రాసిన కాసేపటికే గిల్లినా తెలియలేదు.

ఆ గదిలో ఒంటరిగా, గోడకేసి చూస్తూ, ఇన్‌సుక్ పగలబడి నవ్వింది.

మొదటి గుడ్డు తయారవగానే ఛైర్మన్ వచ్చి పట్టుకుపోయాడు. "నా దగ్గరుండనివ్వండి, నా స్నేహితులకి చూపిస్తా."

"ఇది పాతదానిలాంటిది కాదండీ. బలంగా ఉంటుంది. నిజంగా లోపలికి పంపుతుంది. మన జిగురు తప్ప ఇంకేదీ..."

"తెలుసు, తెలుసు" అంటూ కోటు జేబులో వేసుకుని మెట్లు దిగిపోయాడు. గోల్ఫ్ ఆడే ముసలాళ్ళ ముందు గొప్పలు పోవడానికి కాబోలు అనుకుంది ఇన్‌సుక్. మిగిలిన సగం మాట గొంతులోనే ఉండిపోయింది. వెంటపడి చెప్పాలనిపించలేదు.

ప్రసారానికి ముందు రిహార్సల్ కోసం బోమి కంపెనీకి వచ్చింది. పొడుగాటి గోళ్ళు, వాటి మీద చిన్న చిన్న రాళ్ళు. గదిలోకి రాగానే తొట్టి దగ్గర ఆరబెట్టిన పంది తోలు ముక్క చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా గుడ్డుని చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఆ ఈల విన్నది.

"అక్కా, ఒక్క మాట అడగనా?"

"డాక్టర్ అనండి."

"డాక్టర్ గారూ." బోమి తడుముకోకుండా దిద్దుకుంది. "పాతది నేను రెండేళ్ళు అమ్మాను. అది ఏమీ చెయ్యదని నాకూ తెలుసు, మీకూ తెలుసు. ఇది నిజంగానే లోపలికి పంపుతుందా?"

"పంపుతుంది."

"ఏది రాస్తే అదా?"

ఇన్‌సుక్ తలెత్తి చూసింది.

"మా అమ్మ ఉందండీ," అంది బోమి, "మొహానికి ఏది దొరికితే అది రాస్తుంది. పక్కింటావిడ ఇచ్చిన దురద మందు, మా నాన్న నడుం నొప్పి మందు, ఏదైనా సరే. మన జిగురు అయిపోయాక ఆవిడ చేసేది అదే. అవి కూడా దిగిపోతాయా? అంతెందుకు, మన జిగురులోనే సెంటు వేశారు కదా, అదీ దిగుతుందా?"

దిగుతుంది. గోడలో సందుకి మందేదో సెంటేదో తెలియదు, అది ఎవరి పేరూ అడగదు. దేజాన్‌లో ఇన్‌సుక్ తన పరిశోధనలో ఒక అధ్యాయమంతా దాని గురించే రాసింది. కానీ ఆ జిగురులో ఏమున్నదో ఈ వేసవంతా ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. సెంటు నీళ్ళూ మొహం పూతలూ తన స్థాయి చదువున్నవాళ్ళు తొంగిచూసే సంగతులు కావని ఆమె లెక్క. పైగా అడుగుతున్నది ఎవరు? గంట కట్టిన పొట్టేలు.

"మీకు కార్డు ఇచ్చారు కదా. 'కంపెనీ జిగురుతో మాత్రమే వాడాలి' అని అందులో ఉంది. చదవండి. చదవడం వచ్చుగా?"

బోమి మొహం మీద నవ్వు చెక్కుచెదరలేదు. ఆ నవ్వు ఆమె వృత్తి. "వచ్చండీ. మా టీచర్లు కొట్టి నేర్పారు" అని, గుడ్డుని మెత్తగా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ప్రసారం రోజు పొద్దున స్టూడియోలో అందరికంటే ముందు ఛైర్మనే ఉన్నాడు. ఈమధ్య ఆయన ఎక్కడికి వచ్చినా టోపీ తియ్యడం లేదు. మొహం ఉబ్బి ఉంది, కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. బూట్లు బిగుతయ్యాయని రెండు రోజులుగా విసుక్కుంటున్నాడు. సోజు ఎక్కువై ఉంటుందని మేనేజర్లు చాటుగా అనుకున్నారు. ఇన్‌సుక్ కూడా అదే అనుకుని, అంతటితో వదిలేసింది.

దీపాలు వెలిగాయి. బోమి ముత్యం రంగు గుడ్డుని చెంపకి ఆనించుకుని మొదలుపెట్టింది.

"ఇన్నాళ్ళూ ఎన్ని రాశారు అక్కలూ? నిజం చెప్పండి. బల్లెడు సీసాలు! అవన్నీ ఎక్కడికి పోయాయి? దిండు గలీబుకి అంటుకున్నాయి. దిండు మొహం మెరుస్తోంది, మీ మొహం మాత్రం అలాగే ఉంది!"

కెమెరాల వెనక ఉన్నవాళ్ళే నవ్వారు. తెర మూలన ఆర్డర్ల అంకె పరుగెడుతోంది. తెల్లకోటులో కూర్చున్న ఇన్‌సుక్ వైపు కెమెరా తిరిగినప్పుడు ఆమె తన వంతు రెండు వాక్యాలు చెప్పింది. మొదటిసారి ఆ వాక్యాలు నిజం. ఎదుట బోమి కళ్ళు పెద్దవి చేసి "అబ్బబ్బ!" అంటుంటే ఇన్‌సుక్ మనసులో, నీకేం తెలుసే పిల్లా, ఇవాళ నువ్వు అమ్ముతున్నది నీ జన్మలో అమ్మనిది, అనుకుంది.

అంకె ఇంకా పైకి ఎగబాకింది. సంతోషం పట్టలేక ఛైర్మన్ చప్పట్లు కొట్టబోతూ కుర్చీలోంచి దిగ్గున లేచాడు. లేచినవాడు లేచినట్టే, చేతులు ఇంకా కలవకుండానే, బార్లీ నీళ్ళ ఫ్లాస్కుని లాక్కుంటూ నేలమీద పడ్డాడు.

బోమి ఆ చప్పుడు విన్నది. కానీ కనురెప్ప కూడా వెయ్యలేదు. "అదిగో, మావాళ్ళు అప్పుడే గుడ్ల కోసం తోసుకుంటున్నారు! మీరు ఈ చిన్న వీడియో చూస్తూ ఉండండి, నేను వాళ్ళని అదుపులో పెట్టి వస్తా" అంది. ముందే తీసి పెట్టుకున్న వీడియో తెరమీదికి రాగానే చెవిలోని తీగ పీకి పరుగెత్తింది.

అప్పటికే ఇన్‌సుక్ ఛైర్మన్ తల దగ్గర మోకాళ్ళ మీద ఉంది. టోపీ దొర్లిపోయింది. కందగడ్డలా ఎర్రబడ్డ నున్నటి నెత్తి, మీద జిడ్డు. వంగగానే స్పిరిట్ కలిసిన తియ్యటి మందు వాసన గుప్పున కొట్టింది. ఏ మందుల దుకాణానికి వెళ్ళినా బట్టతలకి ఇచ్చే నీళ్ళమందు అది. రక్తపోటు తగ్గించే మాత్రగా పుట్టిన మందు. జుట్టు మొలవడం దానికి మధ్యలో దొరికిన ఉద్యోగం. నెత్తి మీద రాస్తే చర్మం దాన్ని దాదాపు అంతా బయటే ఆపేస్తుంది కాబట్టి ఊరంతా నిశ్చింతగా రాసుకుంటోంది.

"ఛైర్మన్ గారూ! నెత్తికి మందు రాస్తున్నారా? దాని మీద గుడ్డు తిప్పారా?"

ఆయన పెదాలు తెల్లగా ఉన్నాయి. "రోజూ..." అన్నాడు గాలిలాంటి గొంతుతో. "పొద్దునా, పడుకునే ముందూ... బాగా దిగాలని... ఎక్కువే రాశా..."

ఆయన మణికట్టు మీద ఆమె వేళ్ళ కింద నాడి దారంలా సన్నగా, తొందరతొందరగా కొట్టుకుంటోంది. ఉబ్బిన మొహం, బిగిసిన బూట్లు, పడిపోయిన రక్తపోటు. అంతా సరిగ్గా ఎలా ఉండాలో అలాగే ఉంది. పంది తోలు కాదు, గాజు గిన్నె కాదు, బతికున్న మనిషి. గోడ దాటి, రక్తంలో కలిసి, గుండెదాకా వెళ్ళింది మందు.

పనిచేసింది, అనుకుంది ఇన్‌సుక్. ఆమె పెదాలు విచ్చుకున్నాయి.

తలెత్తితే ఎదురుగా బోమి. ఛైర్మన్ టై వదులు చేస్తూ ఆగిపోయి, ఇన్‌సుక్ నోటి వంకే చూస్తోంది. చూసి ఏమీ అనకుండా, "కాళ్ళు పైకెత్తండ్రా, ఎవరైనా! ఆ డబ్బాలు ఇటు లాగండి!" అని కెమెరా కుర్రాళ్ళ మీద కేకేసింది. అమ్మకానికి పేర్చిన ఓక్‌గ్యోల్ డబ్బాల మీద ఛైర్మన్ కాళ్ళు పెట్టారు. ఆ డబ్బాల మీద తెల్లకోటులో ఇన్‌సుక్ చిరునవ్వు నవ్వుతోంది.

తెరమీద అదే వీడియో మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే, అంబులెన్సు వచ్చేదాకా వాళ్ళలాగే ఉన్నారు. ఆ తర్వాత బోమి వెళ్ళి కెమెరా ముందు కూర్చుని, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి అందుకుంది.

ఆసుపత్రిలో ఆయనకి సెలైను ఎక్కించి, నెత్తి కడిగించి, ఆ మందు ముట్టుకోవద్దన్నారు. ప్రాణానికేమీ భయం లేదన్నారు. సాయంత్రం, తన మిగతా ప్రసారాలు కూడా ముగించుకుని అదే అలంకరణతో బోమి వచ్చింది. వసారాలో కాఫీ మెషీన్ దగ్గర ఇన్‌సుక్ నిలబడి ఉంది.

"ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నారు. భయం లేదట."

బోమి కాఫీ తీసుకుని ఊదుకుంది. "నవ్వారు మీరు."

"ఏమిటి?"

"ఆయన పడిపోతే నవ్వారు. నేను చూశాను."

"అది... మీకు అర్థం కాదు. పదిహేనేళ్ళు..."

"అర్థం కాకేం! మీ యంత్రం పనిచేసింది, అదేగా?" టీవీలో ఎన్నడూ వినపడని పలచటి గొంతుతో అంది. "చూడండి డాక్టర్ గారూ. నేను అబద్ధాలు అమ్ముకుని బతుకుతాను, ఒప్పుకుంటా. మీరు నన్ను చూసినప్పుడల్లా కాలికి పెంట అంటుకున్నట్టు మొహం పెడతారు, అదీ సరే. కానీ నేను ఒక్క ప్రశ్న అడిగాను. జవాబు మీకు తెలుసు. చెప్పడం మీకు నామోషీ అయింది. చదవడం వచ్చా అని అడిగారు. ఇవాళ పొద్దున ఎన్ని వేలమంది అమ్మలకి ఆ గుడ్డు అంటగట్టానో తెలుసా నేను?"

బోమి కాఫీ అక్కడే చెత్తబుట్టలో పారబోసి, ఛైర్మన్‌ని చూడకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు ఛైర్మన్ దిండ్లకి ఆనుకుని కూర్చుని గంజి తాగుతున్నాడు. టోపీ లేదు. ఉబ్బు కొంచెం తగ్గింది.

"ఆ గుడ్లు ఒక్కటి కూడా బయటికి వెళ్ళకూడదండీ," అంది ఇన్‌సుక్ గుమ్మంలోంచే.

"నేనూ అదే చెబుదామనుకుంటున్నా. రండి, కూర్చోండి." గిన్నె పక్కన పెట్టాడు. "డాక్టరమ్మా, నేను ముప్పై ఏళ్ళుగా ఇలాంటివే అమ్ముతున్నా. బెల్టులు, కుర్చీలు, గుడ్లు. ఇప్పటిదాకా ఒక్కడంటే ఒక్కడు ఆసుపత్రిలో పడలేదు. ఎందుకంటారు? నా సరుకు ఏమీ చెయ్యదు కాబట్టి. అదే దాని గొప్ప! నిక్షేపంలాంటి సరుకుని మీరు పాడుచేశారు, పనిచేయించి."

"మరి మీరెందుకు వాడారు?" అంది ఆమె కసిగా. "మీ సరుకు ఏమిటో మీకు తెలుసుగా."

ఛైర్మన్ కిటికీ వైపు చూశాడు. ఎర్రటి నెత్తిని చేత్తో తడుముకున్నాడు.

"మీరన్నారు కదా, ఇది నిజంగా లోపలికి పంపుతుందని. మిమ్మల్ని నమ్మాను." సిగ్గుపడుతున్నవాడిలా నవ్వాడు. "ఛీ ఛీ, ఈ వయసులో. ఇన్నాళ్ళ వ్యాపారంలో నేను నమ్మి వాడిన వస్తువు అదొక్కటే. ఇదీ ఫలితం!"

ఈ మాట ఇన్‌సుక్ ఊహించలేదు. ఆమె యంత్రాన్ని నమ్మినవాడు ఈ ప్రపంచంలో ఇంకొకడు లేడు. ప్రొఫెసర్ నమ్మడం మానేశాడు, నిధులిచ్చేవాళ్ళు నమ్మలేదు, కొనేవాళ్ళకి తేడా తెలియదు. నమ్మినవాడు ఈ సంత దళారి. నమ్మినందుకు పడ్డాడు. ఆయన పడితే తను నవ్వింది. తన మీద తనకి చీదర కలగడం ఆమెకి అలవాటు లేని పని. ఆ కుర్చీలో ఎలా కూర్చోవాలో ఒక నిమిషం పాటు తెలియలేదు.

"క్షమించండి," అంది చివరికి.

"దేనికి?" అన్నాడాయన, నిజంగానే తెలియనట్టు. "పాత తలలు గోదాములో మూలుగుతున్నాయి. పై డొల్ల ముత్యం రంగే ఉండనివ్వండి, లోపల పాతది పెట్టించండి. ఒక వారం ఆలస్యమవుతుందని బోమి చేత చెప్పిద్దాం. ఆలస్యమైతే గిరాకీ ఇంకా పెరుగుతుంది."

గోదాములో పొడుగాటి బల్లల ముందు ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఒకరు డొల్ల విప్పడం, ఇంకొకరు పనిచేసే తల ఊడబీకి తొట్టిలో పడెయ్యడం, మరొకరు పనిచెయ్యని తల బిగించడం. మధ్యలో నిలబడి చూడవలసింది డాక్టర్ తక్ ఇన్‌సుక్. ఒక వేసవి కాలం ఆమె కళ్ళెదుటే తొట్టిలో టకటకమని రాలింది. ఇంత నీచమైన పని జన్మలో చెయ్యలేదని ఒకవైపు ఒళ్ళు మండిపోయింది. ఒక్క తల కూడా పొరపాటున లోపల మిగిలిపోకూడదని మరోవైపు భయం పట్టుకుంది. భయమే గెలిచింది. మూసిన ప్రతి గుడ్డునీ చెవి దగ్గర పెట్టుకుని, ఈల రావడం లేదని తేల్చుకున్నాకే డబ్బాలో పెట్టనిచ్చింది.

తొట్టి నిండుతున్నప్పుడు బల్ల చివర కూర్చున్న ఒక పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"డాక్టరమ్మా, ఎలాగూ పారేసేవే కదా, నాకొకటి ఇప్పించరాదూ? మా ఆయనకి మోకాళ్ళు. నూనె రాసి రాసి చేతులు పడిపోతున్నాయి, లోపలికి దిగి చావదు."

'నూనె తాగించు, మోకాలికి వస్తుంది' అనే మాట ఇన్‌సుక్ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగింది. స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చుని, గోడ సంగతీ సందుల సంగతీ చెప్పింది, ఛైర్మన్ గారికి ఏం జరిగిందో చెప్పింది. మోకాళ్ళ నూనెలో ఏమేం ఉంటాయో, అవి కొలత లేకుండా రక్తంలో కలిస్తే ఏమవుతుందో వేళ్ళు మడిచి మరీ చెప్పింది. ఎవరికైనా ఇంత ఓపికగా ఏదైనా చెప్పి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

ఆవిడ అంతా విని, మూతి మూడు వంకర్లు తిప్పింది. "ఇవ్వడం ఇష్టం లేదని ఒక్కముక్కలో చెబితే పోయేదిగా, ఇంత కథ దేనికీ?" అని లేచి వెళ్ళి తన చోట కూర్చుంది. పక్కనున్నవాళ్ళతో ఏదో అంటే వాళ్ళు కిసుక్కున నవ్వారు. ఇన్‌సుక్ చెవులు వేడెక్కాయి. అయినా ఆ సాయంత్రం తొట్టిలోని తలలన్నిటినీ తన కళ్ళ ముందే సుత్తితో కొట్టించి మరీ ఇంటికి వెళ్ళింది.

చివరి డబ్బా వెళ్ళాక ఉద్యోగం మానేసింది. డబ్బా మీద ఫొటో మాత్రం ఉండనివ్వమని ఛైర్మన్ బతిమాలాడు. ఒప్పుకోలేదు. కొన్నాళ్ళకి అదే తెల్లకోటులో ఇంకో ఆవిడ వచ్చింది. ముత్యం రంగు గుడ్డు బాగా అమ్ముడుపోయింది, ముడతలు మాయమయ్యాయని జనం రాశారు, ఎవరికీ ఏమీ కాలేదు.

ఇన్‌సుక్ ఇప్పుడు వొంజు అనే ఊళ్ళో ఉంటుంది. పనిచేసేది వైద్య పరికరాలు చేసే ఒక చిన్న సంస్థలో. పసిపిల్లలకి సూది వేసే ముందు రాసే తిమ్మిరి మందు తొందరగా ఎక్కేలా అదే ధ్వనితో ఒక పరికరం చేస్తున్నారు. అనుమతుల కోసం అడుగు ముందుకి, రెండు అడుగులు వెనక్కి. అక్కడి యజమాని ఆమె కంటే చిన్నవాడు, మాట్లాడుతూనే ఉంటాడు, ఆమె లెక్కలో వట్టి డొల్ల బుర్ర. ఆమె నాలుక ఏమీ మెత్తబడలేదు. ఆమె గదిలోకి వచ్చే ముందు కుర్రవాళ్ళు ఒకసారి ఊపిరి బిగబట్టుకుంటారు. కానీ ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు జవాబు చెబుతుంది, తిట్టడం ఆ తర్వాత.

ఒకరోజు మధ్యాహ్నం పళ్ళ డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చున్నప్పుడు గోడ మీది టీవీలో బోమి కనిపించింది. వేరే ఛానెల్, గోళ్ళ మీద రాళ్ళు లేవు, చేతిలో ఎండు చేపల కట్ట. "ఈ వాసనకే ఒక గిన్నెడు అన్నం లాగించెయ్యొచ్చు అక్కలూ!" అంటోంది. నర్సు తన పేరు పిలిచినా ఇన్‌సుక్ లేవలేదు. చివరిదాకా చూసి, తెర మీది నంబరుకి ఫోన్ చేసి ఒక కట్ట తెప్పించుకుంది.

చేపలు ఉప్పు కషాయం. బోమి చెప్పినంత గొప్పగా ఏమీ లేవు. ఇన్‌సుక్ మొహం చిట్లిస్తూనే రోజుకొకటి చొప్పున అన్నీ తినేసింది.